పెంచమంటే పంచిన రోజు

ఆవిడ అసలు పేరు జీతాలు వేసే గుమాస్తాకి తప్ప ఆఫీసులో ఇంకెవరికీ గుర్తుండదు. అందరికీ గోదామక్కే. కొత్తగా చేరినవాళ్ళెవరైనా "డేటాబేస్ అంటే ఏంటండీ?" అని అడగడమే ఆలస్యం, "గోదాం అనుకో నాయనా" అంటూ మొదలుపెట్టి టీ చల్లారిపోయేదాకా వదిలేది కాదు. అందుకని ఆ పేరు పడింది. పెట్టింది కూడా పరాయివాళ్ళెవరూ కాదు, సొంత బావే.

ఆ గోదాం సంగతేమిటో మనమూ ఒకసారి వినేస్తే ఓ పనైపోతుంది. నగరంలోని ఆసుపత్రుల్లో చేసే రక్తపరీక్షలు, స్కానింగులు, వాటి ఫలితాలు అన్నీ వచ్చి చేరేది ఆవిడ చూసుకునే ఆరు మిషన్లలో. ఆరు గోదాములనుకోండి. ఏ ఫలితాన్నీ ఒక్కదాంట్లోనే పెట్టి ఊరుకోరు, మూడింట్లో మూడు నకళ్ళు దాస్తారు. డాక్టరు తన తెర మీద అడిగితే ఆ మూడింట్లో కనీసం రెండు ఒకే మాట చెప్పాలి. ఒకటి మూతపడితే మిగతా రెండూ జవాబిస్తాయి. రెండు ఒకేసారి మూతపడ్డాయా, మూడోది ఒంటరిగా నోరు విప్పదు. డాక్టరు ముందు తెర అలా గిర్రున తిరుగుతూనే ఉంటుంది. మిషను మూతపడటానికి పెద్ద కారణం కూడా అక్కర్లేదు. దాని డిస్కు నిండిపోతే చాలు.

గోదామక్కకి కోపం ముక్కు మీదే ఉండేది. ఇంట్లోనూ అంతే, ఆఫీసులోనూ అంతే. కానీ పనిలో మాత్రం ఒక పద్ధతి పెట్టింది. చెప్పే మనిషి ఒకరు, కొట్టే మనిషి ఒకరు. చెప్పే మనిషి కీబోర్డు ముట్టకూడదు, కొట్టే మనిషి సొంతంగా ఆలోచించి కొట్టకూడదు. విన్న మాటని కొట్టేవాడు పైకి ఒకసారి అనాలి, ఆవిడ "ఊఁ" అనాలి, అప్పుడే వేలు కదలాలి. "ఇద్దరి జీతం దండగ" అని పైవాళ్ళు ఎన్నిసార్లు సణిగినా ఆవిడ వినిపించుకోలేదు.

కొట్టే మనిషే బావ. అంటే ఆవిడ అక్క మొగుడు. పూర్వం ప్రెస్సులో కంపోజింగు చేసేవాడు. వేళ్ళు చూస్తే ముచ్చటేస్తుంది, ఒక్క అక్షరం తప్పు పడదు. ప్రెస్సు మూసేశాక ఇంట్లో కూర్చుని, రోజంతా పేపర్లో అచ్చుతప్పులు వెతుకుతూ అక్క ప్రాణం తోడేసేవాడు. గోదామక్క ఆ గదికీ ఈ గదికీ తిరిగి, వాళ్ళతో వీళ్ళతో తగాదా పడి, కాంట్రాక్టు మీద అతన్ని తెచ్చి తన పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. అక్క ఇల్లు మళ్ళీ తెరిపిన పడింది ఆ కుర్చీ వల్లే. పిల్లల చదువులూ ఇంటి అద్దే కాదు, మనిషి పొద్దున్నే గడ్డం గీసుకుని బయటికి వెళ్ళడం, సాయంత్రం నవ్వుతూ రావడం, అన్నీ ఆ కుర్చీ చలవే.

రోజూ చేసే పనుల్లో ముఖ్యమైనవి రెండు. డిస్కు పెద్దది చేసినప్పుడు, "ఇదిగో, నీకు చోటు పెరిగింది, వాడుకో" అని మిషనుకి తెలియజెప్పడం ఒకటి. చెప్పకపోతే దానికి తెలియదు, పక్కనే ఖాళీ పెట్టుకుని ఇరుకులో చచ్చిపోతుంది. ఒక మిషనులో ఉన్న సరుకుని మిగతావాటికి సర్దడం రెండోది. ఈ రెండు కమాండ్లకీ ఆవిడే పేర్లు పెట్టింది. మొదటిది పెంచు. రెండోది పంచు.

"మరదలా, ఎత్వం ఒక్కటే కదా తేడా. అది ఎగిరిపోయిందంటే కొంప మునుగుతుంది" అన్నాడు బావ మొదటి వారంలోనే.

"ప్రెస్సు కాదు బావా ఇది, ఎత్వాలు ఎగిరిపోవడానికి. నా మాట నీకు స్పష్టంగా వినపడదా ఏంటి?"

"నీ మాటా? రెండు వీధుల అవతలికి కూడా వినపడుతుంది."

"మరింకేం. నోరు మూసుకుని కొట్టు."

ఆ మాట అంతటితో అయిపోయింది.

ఈలోగా ఆవిడ పన్ను. కింది దవడ చివర జ్ఞానదంతం. నెలల తరబడి సలుపుతున్నా "ఈ వారం పనుంది, వచ్చే వారం చూద్దాం" అని నెట్టుకొచ్చింది. ఆ పొద్దున బుగ్గ బూరెలా పొంగింది. అక్క ఫోను చేసి, "ఇవాళ డాక్టరు దగ్గరికి వెళ్ళావా సరే, లేదంటే నేనే ఆఫీసుకొచ్చి రెక్క పట్టుకుని లాక్కెళ్తా" అంది. ఆవిడ నోటికి జడవని మనిషి ఊళ్ళో ఎవరూ లేరు గానీ, ఆవిడ జడిసేది అక్క నోటికి.

అదే రోజు ఆరు మిషన్లకీ డిస్కులు పెంచే పని. డిస్కులు ముందే పెద్దవి చేసేశారు, మిషన్లకి ఒక్కోదానికీ తెలియజెప్పడమే మిగిలింది. మూడింటికి చెప్పారు. సగం పనైంది. డాక్టరమ్మ ఇచ్చిన టైము దగ్గరపడింది.

"నేనొచ్చేదాకా మిగతా మూడింటి జోలికి పోకు బావా. ఏమన్నా అయితే ఫోన్ చెయ్యి" అని చెప్పి గోదామక్క టాక్సీ ఎక్కింది.

పళ్ళ డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. సూది గుచ్చి, "కాసేపట్లో సగం నాలుకా, కింది పెదవీ మొద్దుబారిపోతాయి, కంగారుపడకండి" అంది. మొద్దుబారాయి కూడా. తర్వాత పట్టకారు, దవడలో పటపటమని చప్పుడు, పైన దీపం. ఎంతసేపు లాగిందో ఏమో, చివరికి పన్ను ఊడింది. దూది ఉండ కుక్కి, "గట్టిగా కరిచి పట్టుకోండి, మాట్లాడకండి" అంది డాక్టరమ్మ. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

నర్సు ఫోను చూసి, "బావ అని వస్తోందండీ" అంది.

గోదామక్క చెయ్యి చాచింది. డాక్టరమ్మ కళ్ళురిమినా లెక్కచేయలేదు.

"మరదలా, నాలుగోది నిండిపోతోంది." బావ గొంతులో రోజూ ఉండే వెటకారం లేదు. "ఏదో ఆసుపత్రివాళ్ళు పాత స్కానింగులన్నీ ఒక్కసారే కుమ్మరిస్తున్నారు. నువ్వొచ్చేదాకా ఆగేలా లేదు. ఏం చెయ్యమంటావ్?"

ఏం చెయ్యాలో అందులో ఆలోచించడానికేముంది? డిస్కు పెద్దది చేసే ఉంది, నాలుగోదానికి చెప్పడమే తరువాయి. గోదామక్క దూది ఉండని నాలుకతో ఓ పక్కకి నెట్టి, ఉన్న ఓపికంతా కూడదీసుకుని ఆ మాట అంది.

బావ ఒక్క క్షణం ఆగాడు. "పంచమంటావా?"

అదే క్షణంలో నర్సు ఉమ్మి లాగే గొట్టం నోట్లో పెట్టింది. గుర్రుమని ఒకటే రొద. ఆ రొదలో ఆవిడకి వినపడింది ఏం వినాలనుకుందో అదే. "ఊఁ, ఊఁ! కొత్తు!" అని కసిరి ఫోను నర్సు చేతిలో పెట్టేసింది.

అక్కడ బావకి అనుమానం రాలేదని కాదు. పొద్దుట్నుంచీ పెంచుతున్నాం కదా, ఇప్పుడు పంచడమేంటి అనుకున్నాడు. కానీ ఆలోచిస్తే అదీ సబబుగానే తోచింది. మొదటి మూడింట్లో ఇప్పుడు బోలెడు చోటుంది. నాలుగోదాని సరుకు వాటికి సర్దమంటోంది కాబోలు. పైగా తిరిగి అడిగాడు, ఊఁ అంది. పద్ధతి ప్రకారమే జరిగింది. కొట్టాడు.

ఇక్కడే ఉంది అసలు చిక్కు. పంచు అనేది ఉన్నచోట తీసేసి వేరేచోట పెట్టదు. ముందు అన్నిచోట్లా నకళ్ళు పెట్టి, అంతా సరిపోయిందని చూసుకున్నాకే పాతవి తీస్తుంది. అన్నిచోట్లా అంటే మొదటి మూడింట్లోనే కాదు, ఇంకా పెంచని ఐదోదాంట్లో, ఆరోదాంట్లో కూడా. అవేమో అప్పటికే గొంతుదాకా ఉన్నాయి.

గోదామక్క కుర్చీలోంచి లేచి బయటి గదిలో కూర్చుంది. అరగంట కూర్చుని వెళ్ళమంది డాక్టరమ్మ. ఫోను చేతిలో బుర్రుమంది. ఐదో మిషను, డిస్కు నిండబోతోంది అని హెచ్చరిక. ఐదోదానికేం పుట్టింది, నేను పెంచమంది నాలుగోదాన్ని కదా అనుకుంటుండగానే ఆరోదాని హెచ్చరిక కూడా వచ్చింది. కిందకి జరిపి చూసింది. నాలుగో మిషను ఎదురుగా ఒకే ఒక్క ముక్క ఉంది. పంచు, నడుస్తోంది.

నా నోరు పడిపోను, ఏమన్నాను నేను? గది మూలన గోడకి అద్దం ఉంది. దాని ముందుకెళ్ళి నిలబడి మెల్లగా "పెంచు" అంది. చెవికి వినపడింది పంచు. పెదవి వేలాడుతోంది, నాలుక పైకి లేవట్లేదు. మళ్ళీ అంది. మళ్ళీ పంచే. పక్కన కూర్చున్న పెద్దాయన పేపరు దించి ఆవిడ వైపు జాలిగా చూశాడు.

ఇక ఫోను చేస్తే లాభంలేదు, ఈ నోటితో ఇంకేం వినపడుతుందో! మెసేజి కొట్టింది. "పంచు ఆపు. వెంటనే ఆపు."

"ఆపాను. ఐదు పడిపోయింది" అని జవాబు వచ్చింది. ఆ వెనకే "ఆరు కూడా."

రెండు మూతపడ్డాయి. అంటే ఊళ్ళో ఏవో ఆసుపత్రుల్లో, ఎవరెవరి ఫలితాలకో ఇప్పుడు తెరలు గిర్రున తిరుగుతున్నాయి. ఎవర్నో బల్ల మీద పడుకోబెట్టి రక్తం గ్రూపు కోసం చూస్తూ ఉంటారు. గోదామక్క గోడకి ఆనుకుని, నిలబడే కొట్టింది. "నాలుగు బతికుందిగా? ముందు నాలుగు పెంచు. పెంచు."

బావ జవాబు చూసి ఆ స్థితిలోనూ ఆవిడకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "నాలుగు. ఎత్వంతో పెంచు. అవునా?"

"ఎత్వంతో. ఊఁ."

నాలుగు ఊపిరి పీల్చుకుంది. తర్వాత ఐదు. పడిపోయినదాన్ని లేపకముందే చోటు పెంచాలి, అప్పుడు లేపాలి, లేచాక సగంసగం వచ్చిపడిన నకళ్ళు ఊడ్చెయ్యాలి. ఒక్కో ముక్కే కొట్టింది ఆవిడ. ఒక్కో ముక్కే తిరిగి అడిగాడు అతను. ఐదు లేస్తుందో లేవదో అని చూస్తున్నంతసేపూ ఆవిడ దూది ఉండని కరిచి పట్టుకునే ఉంది. లేచింది. తర్వాత ఆరు కూడా లేచింది. దూది ఉండ రక్తంతో తడిసి ముద్దయిందని అప్పుడు తెలిసింది ఆవిడకి.

గండం గట్టెక్కిందనుకుని కూర్చోబోతుంటే మళ్ళీ ఫోను మోగింది. ఈసారి బావ ఒక్కడే లేడు. "మేడం గారూ, సారు మాట్లాడతారట" అన్నాడు. మేడం గారూ అన్నాడంటేనే గదిలో మేనేజరున్నాడని లెక్క.

మేనేజరుని వాళ్ళిద్దరూ చాటుగా ఎంతసేపు సారు అంటారు. ఏ పని చెప్పినా అతని నోట్లోంచి వచ్చే మొదటి ప్రశ్న "ఎంతసేపు పడుతుంది?" చెడ్డవాడు కాడు, పైవాళ్ళంటే మాత్రం హడలు.

"ఆసుపత్రులవాళ్ళు నా ప్రాణం తీస్తున్నారమ్మా. ఒక చోటయితే ల్యాబులోంచి మనిషి కాగితం పట్టుకుని ఆపరేషను గదిదాకా పరిగెత్తాడట. అదృష్టం బావుండి ఎవరికీ ఏం కాలేదు. కొట్టింది ఈయనేనని తెర మీద ఉంది. మీరు చెప్పిందేంటి, ఈయన కొట్టిందేంటి?"

"నానే చప్పాను! పంచు అని నా నోత్తోనే అన్నాను!" గోదామక్క అరిచింది. అరిచినకొద్దీ మాట ఇంకా ముద్దైపోయింది.

"ఏమంటోందయ్యా? నాకు ఒక్క ముక్కా అర్థం కావట్లేదు" అన్నాడు ఎంతసేపు సారు.

బావకి అర్థమైంది. ప్రెస్సులో ఎన్ని రకాల చేతిరాతలు చదివాడు, ఈ మాట ఒక లెక్కా. "తాను చెప్పిందొకటీ, నేను కొట్టిందొకటీ అంటున్నారండీ" అన్నాడు తాపీగా. "నిజమే సార్. నేనే తొందరపడ్డాను."

గోదామక్క ఫోనులో ఏదేదో అరిచింది. అవతల అప్పటికే పెట్టేశారు.

మేనేజరుకి మెసేజి పెట్టింది. తప్పు నాది, నోరు మొద్దుబారి ఉంది, నేను అన్న మాటే ఆయన కొట్టాడు అని. జవాబు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. "బావగారిని వెనకేసుకురావడం సహజమేనమ్మా, నేనేమీ అనుకోను. కానీ ఆయనే ఒప్పుకున్నారు. పైవాళ్ళకి ఇవాళే పేరు పంపాలి. కాంట్రాక్టు మనిషి కాబట్టి పెద్ద గొడవుండదు."

పెద్ద గొడవుండదట! అక్క ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలి? మళ్ళీ ఆ మనిషి గడ్డం పెంచుకుని, పేపరు ముందేసుకుని కూర్చుంటాడు. తెర మీద కొట్టిన చేతి పేరు పడుతుంది గానీ చెప్పిన నోటి పేరు పడదు. ఈ పద్ధతి పెట్టినప్పుడు ఆ సంగతి ఆలోచించలేదు ఆవిడ.

ఆవిడ చేతిలో ఉన్న సాక్ష్యం ఒక్కటే, ఈ నోరు. ఇది ఇలా ఉండగానే ఎంతసేపు సారు ముందుకెళ్ళి నిలబడి, ఆ మాట అతని చెవిన వెయ్యాలి. తర్వాత ఎవరు ఎన్ని చెప్పినా బావ కోసం మరదలు అల్లిన కథే అవుతుంది.

"ఇది ఎంతసేపుంటుంది?" అని పెదవి చూపించి చీటీ మీద రాసి అడిగింది.

"ఒక్కొక్కరికి ఒక్కోలా. గంటా, రెండు గంటలా, చెప్పలేం" అంది డాక్టరమ్మ. "తొందరగానే తగ్గిపోతుందిలెండి."

అందరూ వినాలనుకునే మాట అది. గోదామక్క బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగి పరిగెత్తింది.

టాక్సీ దొరికింది. నాలుగు వీధులు బాగానే సాగింది. పరీక్ష చేసుకుందామని పైకే అంది ఆ మాట.

"ఏం పంచాలమ్మా?" అన్నాడు డ్రైవరు అద్దంలోంచి చూసి.

హమ్మయ్య అనుకుని చెయ్యి అడ్డంగా ఊపింది. పెద్ద రోడ్డెక్కగానే బళ్ళన్నీ నిలిచిపోయి ఉన్నాయి. ముందో బస్సు, దాని ముందు ఇంకో బస్సు. కాలం గడుస్తోంది. పెదవి మీద చీమలు పాకుతున్నట్టు మొదలైంది. ఒద్దు, ఒద్దు, ఇంకాసేపు ఉండవే తల్లీ అని పెదవిని బతిమాలుకుంది. జన్మలో దేన్నీ బతిమాలని మనిషి! దవడ లోపల ఎక్కడో నొప్పి కూడా కళ్ళు తెరుస్తోంది. బస్సు ఓ అడుగు కదిలి మళ్ళీ ఆగింది. ఇక ఉండబట్టలేక ఇంకోసారి అంది.

"ఇంకెక్కడ పెంచమంటారమ్మా స్పీడు? ముందు బస్సుంది కనపడట్లా?" అని విసుక్కున్నాడు డ్రైవరు.

గోదామక్క నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మాట వచ్చేసింది.

ఆఫీసు ముందు దిగేసరికి పెదవి మామూలుగా ఉంది, నాలుక చెప్పినట్టు వింటోంది, పన్ను పీకినచోట మాత్రం నిప్పులు పోసినట్టుంది. వెనక్కి వెళ్ళి ఇంకో సూది గుచ్చించుకోవడానికి టైమెక్కడిది? పైకెళ్ళింది.

మేనేజరు గదిలో బావ నిలబడి ఉన్నాడు. బల్ల మీద పైవాళ్ళకి పంపాల్సిన కాగితం, దాని పక్కనే అతని గుర్తింపు కార్డు. తీసి పెట్టేశాడన్నమాట. ఉద్యోగాల వ్యవహారాలు చూసే ఆవిడ కుర్చీలో ఓ పక్కగా కూర్చుని ఉంది. గోదామక్కని చూసి బావ తల వంచుకున్నాడు.

"అయ్యో, మీరెందుకొచ్చారమ్మా ఈ స్థితిలో?" అన్నాడు ఎంతసేపు సారు. "ఆ నోటితో ఏం చెప్తారు?"

ఆ ప్రశ్నే దారి చూపించింది ఆవిడకి. నోట్లో ఇంకా దూది ఉంది. బుగ్గ ఎలాగూ పొంగి ఉంది. గోదామక్క కింది పెదవిని వదులుగా వేలాడేసింది. బతుకంతా ఏది అనుకుంటే అది మొహాన కొట్టినట్టు అనడమే తప్ప నటించడం ఎరగదు. నాలుకని అడుగుకి అదిమిపెట్టి అంది. "మాత అదగంది. నన్ను."

"ఏమంటున్నారు?"

"ఒక మాట చెప్పించుకుని వినమంటున్నట్టున్నారు" అంది కుర్చీలో ఆవిడ.

ఎంతసేపు సారు బావ వైపు చూశాడు, మళ్ళీ ఈవిడ వైపు చూశాడు. మనసులో ఏదో మూల అనుమానం అతనికీ ఉన్నట్టే ఉంది. "సరే. పొద్దున ఫోనులో చెప్పిన మాటే చెప్పండి. నాలుగో నెంబరు సంగతి."

దవడ లోపల నొప్పి మెదడు దాకా తంతోంది. మొద్దుబారిన నోటికి నొప్పి తెలియదు కాబట్టి మొహంలో అది కనపడటానికి వీల్లేదు. పిడికిలి బిగించి, పంటి బిగువున నిలబడింది. "నెంబరు నాలుగు పంచు."

అన్నాక తెలిసింది చేసిన ఘనకార్యం. నెంబరు అన్నప్పుడు నె శుభ్రంగా పలికింది. కడిగిన ముత్యంలా పలికింది. గోదామక్క కళ్ళు ఒక్కసారి బావ మీదికి పోయాయి. బావ తల ఎత్తి ఆవిడనే చూస్తున్నాడు. అచ్చుతప్పు దొరికినప్పుడు ఎలా చూస్తాడో అలా.

ఎంతసేపు సారు గడ్డం గోక్కున్నాడు. "మీకేం వినపడింది?" అని కుర్చీలో ఆవిడని అడిగాడు.

"పంచు అన్నారు కదండీ. స్పష్టంగా."

"నాకూ అదే వినపడింది." అతను కుర్చీలో వెనక్కి వాలాడు. బావతో, "మరి నువ్వెందుకయ్యా నేనే నేనే అని మీదేసుకున్నావ్?" అన్నాడు.

బావ బల్ల మీది కార్డు వైపు చూశాడు. ఇక్కడ ఒక్క మాట అన్నాడంటే చాలు, అంతా తల్లకిందులవుతుంది. గోదామక్క చెమటలు కక్కుతూ అతని నోటి వైపే చూసింది.

"నాకూ అనుమానం వచ్చింది సార్. వచ్చి కూడా కొట్టాను. అందుకని" అన్నాడు చివరికి. అందులో అబద్ధం లేదు.

ఎంతసేపు సారు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చింపేశాడు. తర్వాత గోదామక్క వైపు తిరిగి గొంతు మార్చాడు. పైవాళ్ళకి ఇప్పుడు మీ పేరే రాయాలమ్మా, మందలింపు తప్పదు, ఈ ఏడాదికి ప్రమోషన్ సంగతి మర్చిపోండి, ఇకమీదట నోటి మాట మీద ఎవరూ ఏదీ కొట్టకూడదు, ఆ కమాండ్ల పేర్లు కూడా మార్చెయ్యాలి, దానికెంతసేపు పడుతుంది అన్నాడు. అన్నిటికీ తలూపింది. ఆవిడ అంత బుద్ధిగా తలూపడం ఆ ఆఫీసులో ఎవరూ చూడలేదు.

బయటికొచ్చి, మెట్ల దగ్గర తలుపు పడగానే గోదామక్క గోడకి చేరగిలబడింది. బావ కార్డు మెడలో వేసుకుంటూ మెల్లగా అడిగాడు. "స్పర్శ ఎప్పుడొచ్చింది?"

"సగం దారిలో."

మాట ఎంత స్పష్టంగా ఉందో ఇద్దరికీ వినపడింది.

"ఆ నొప్పితోనే నిలబడ్డావా అక్కడ?"

ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. "ఇంకోసారి నా మాటకి నీ ఇష్టమొచ్చిన అర్థం చెప్పావంటే చంపేస్తాను బావా. అక్కకి నేనేం చెప్పుకునేదాన్ని? నిన్ను ఇక్కడికి తెచ్చిందే నేను. నా నోటి మాట పట్టుకుని కొట్టినందుకు నువ్వు కార్డు తీసి బల్ల మీద పెడతావా?"

"నువ్వు లేకపోతే ఆ మిషన్లని ఎవరు చూసుకుంటారు మరదలా? కొట్టే చెయ్యి ఎక్కడైనా దొరుకుతుంది."

"దొరకదు" అంది ఆవిడ.

బావ మెడలోని కార్డు సర్దుకుని, "అయినా నువ్వు లోపల చెప్పింది అబద్ధమే కదా" అన్నాడు.

గోదామక్క రెండు చేతులతో బుగ్గ పట్టుకుని పై మెట్టు మీద కూలబడింది. "అబద్ధమెందుకవుతుంది? పొద్దున అన్న మాటే మళ్ళీ అన్నాను."